ప్లీడరుగారి ఆఫీసులో ఆడవాళ్ల ఉద్యోగం



స్త్రీల ఉద్యోగాలు అనగానే మనకి పంతులమ్మగారు గుర్తుకు వస్తారు, ఆస్పత్రిలో నర్సమ్మ గుర్తుకు వస్తుంది, బ్యాంకి కౌంటరు వెనక కూర్చునే అమ్మాయి గుర్తుకు వస్తుంది. ప్లీడరుగారి ఆఫీసులో పనిచేసే అమ్మాయి మాత్రం చప్పున గుర్తుకు రాదు. కోర్టు ఉన్న ఏ ఊరికైనా వెళ్లి చూడండి. కోర్టు వీధిలో వరసగా ప్లీడర్ల బోర్డులు. ఆ బోర్డుల వెనక చిన్న చిన్న గదులు. ఆ గదుల్లో కంప్యూటరు ముందు కూర్చుని దావాలూ అఫిడవిట్లూ టైపు చేస్తూ, మధ్యమధ్య కక్షిదారుల ఫోనులకి జవాబు చెబుతూ, రేపటి వాయిదాల కట్టలు విడిగా తీసి పెడుతూ స్త్రీలు కనబడతారు. కొందరు డిగ్రీ అయి వేరే ఉద్యోగం దొరక్క వచ్చినవాళ్లు. కొందరు లా చదువుకుంటూ ఖర్చులకని చేరినవాళ్లు. ఇంకొందరు ఇంటి బరువు మీద పడి వచ్చినవాళ్లు.

ఈవేళ ఆ ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మీరు ఆ పనిలో ఉంటే సరే. లేకపోయినా మీ చెల్లెలో, ఆడబిడ్డ కూతురో, పక్కింటి అమ్మాయో ఉండవచ్చు. అదీగాక ఎప్పుడో ఒకప్పుడు మనకీ కోర్టు కాగితం అవసరం పడుతుంది. ఆ కాగితం ఎవరి చేతుల మీదుగా నడుస్తుందో తెలుసుకోవడం మంచిదే గదా.

మొదట ఈ పనిలో ఎంత బాధ్యత ఉన్నదో చూడండి. కింది కోర్టులో సివిల్ దావా ఓడిపోయిన మనిషి జిల్లా కోర్టుకి అప్పీలు చేసుకోవాలంటే గడువు 30 రోజులు. హైకోర్టుకైతే 90 రోజులు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు ఇందులోంచి మినహాయిస్తారు. నకలుకి దరఖాస్తు ఏనాడు పెట్టారు, అది ఏనాడు సిద్ధమైంది, ఆఫీసులోంచి ఏనాడు తెచ్చుకున్నారు అన్న తేదీలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? గుమాస్తా. దావాలో సమన్లు అందిన ప్రతివాది 30 రోజుల్లో జవాబు దాఖలు చెయ్యాలి. కోర్టువారు కారణం రాసి గడువు పెంచినా మొత్తం 90 రోజులు దాటకూడదని విధి. ఆ లెక్క ఎవరు చూస్తారు? గుమాస్తాయే. కోర్టు ఫీజు అర్ధరూపాయి తక్కువైనా, ఒక పేజీమీద సంతకం మరిచినా కాగితాలు రిటర్న్ అయి వస్తాయి. వాటిని సరిచేసి గడువులోపల మళ్లీ దాఖలు చేసేదీ ఆ చేతులే.

ఇక్కడొక చమత్కారం ఉంది. గడువు దాటిపోయినప్పుడు ఆలస్యాన్ని మన్నించమని కోర్టుని వేడుకుంటూ ఒక అఫిడవిట్ వేస్తారు. అందులో తరచుగా కనబడే వాక్యం, ‘గుమాస్తా పొరపాటువల్ల తేదీ నమోదు కాలేదు’ అని. ఆ వాక్యం టైపు చేసేది కూడా ఆ గుమాస్తాయే! తప్పు నిజంగా ఆమెదే అయినా కాకపోయినా, కాగితంమీద ఆమె పేరు ఎక్కడా ఉండదు. ‘గుమాస్తా’ అన్న మాట మాత్రం ఉంటుంది.

మరి చట్టం ఈ గుమాస్తాని గుర్తించిందా? గుర్తించింది. ఎందుకు గుర్తించిందో చూడండి. కక్షిదారు తన ప్లీడరుతో చెప్పుకున్న రహస్యం బయట పెట్టకూడదని సాక్ష్య చట్టంలో ఉన్నది. అది ప్లీడరుకే కాదు, ఆయన గుమాస్తాకీ వర్తిస్తుందని 1872 నాటి పాత సాక్ష్య చట్టంలోనే రాశారు. 2024 జూలై 1న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో కూడా 132వ సెక్షన్ అదే మాట చెబుతోంది. అంటే రహస్యం దాచే బరువు నూటయాభై ఏళ్లుగా గుమాస్తామీద ఉన్నది. అయితే ఆ గుమాస్తాకి జీతం ఎంత, సెలవు ఎంత, అన్యాయం జరిగితే ఎక్కడ చెప్పుకోవాలి అన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం చట్టం చాలాకాలం తటపటాయించింది.

ఆ కథ కొంచెం చెబుతాను. బొంబాయిలో ఒక సొలిసిటర్ల సంస్థలో పనివాళ్లు బోనసు అడిగారు. సొలిసిటర్ల ఆఫీసు ‘పరిశ్రమ’ కిందకి రాదని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. బోనసు లేదు. తరవాత 1978లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం బెంగుళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ‘పరిశ్రమ’ అన్న మాటకి అర్థం విశాలం చేసి, 1962 నాటి ఆ అభిప్రాయం సరికాదన్నది. అయితే జస్టిస్ కృష్ణయ్యరుగారు అక్కడే ఒక గీత గీశారు. ఒక చిన్న సహాయకుణ్ణి పెట్టుకుని పనిచేసుకునే ఒంటరి ప్లీడరు వృత్తి చేస్తున్నాడే గాని పరిశ్రమ నడపడం లేదన్నారు. మన కోర్టు వీధిలో గదులు ఎక్కువ భాగం అలాంటివే. మళ్లీ 1984లో కేరళనుంచి ఒక గుమాస్తా కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆ రాష్ట్రపు దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం కింద ప్లీడర్ల ఆఫీసు దుకాణమూ కాదు, వాణిజ్య సంస్థా కాదు అని తీర్పు వచ్చింది.

ఇలా ‘ఇది పరిశ్రమ కాదు, ఇది దుకాణం కాదు’ అంటూ పోగా మిగిలింది ఏమిటి? ఊరందరి హక్కులూ టైపు చేసే మనిషికి తన హక్కు ఏ చట్టంలో ఉన్నదో తెలియని స్థితి. శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అన్నమాట.

ఇప్పుడు రోజులు కొంత మారాయి. 2025 నవంబరు 21న మన దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత కార్మిక చట్టాలు చాలావరకు వాటిలో కలిసిపోయాయి. అందులో మనకి పనికివచ్చేది ఏదో, రానిది ఏదో తెలుసుకోవాలంటే ఒక అంకె గుర్తుపెట్టుకోండి. ఆ అంకె పది.

కార్మిక చట్టాల ఇంటికి ‘పదిమంది’ అన్నది గడప. ప్రసూతి సెలవు ఉన్నది చూడండి. మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకి జీతంతో 26 వారాలు. దుకాణాల్లో, ఆఫీసుల్లో అది పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే చోటనే చట్టరీత్యా హక్కు. గ్రాట్యుటీ అంతే. ఇ.ఎస్.ఐ. వైద్యం కూడా పదిమంది ఉన్న చోటనే తప్పనిసరి. నియామక పత్రం ఇచ్చి తీరాలన్న వృత్తి భద్రత కోడ్ కూడా సామాన్యంగా పదిమంది ఉన్న సంస్థలకే. ప్రావిడెంట్ ఫండ్‌కి గడప ఇంకా ఎత్తు, ఇరవైమంది. ప్లీడరుగారి ఆఫీసులో ఒక గుమాస్తా, ఒక టైపిస్టు, ఒక కుర్రవాడు, మహా అయితే ఇద్దరు జూనియర్లు. వాళ్లు ఆ గడప ఎన్నడు దాటాలి?

నగరాల్లో పెద్ద పెద్ద న్యాయ సంస్థలు ఉన్నాయి. హైదరాబాదులోనూ ఉన్నాయి. అక్కడ పదిమంది కాదు, ఎక్కువమందే పనిచేస్తారు. అక్కడ ఉన్నవాళ్లు ఈ సౌకర్యాలన్నీ ధైర్యంగా అడగవచ్చు. చిన్న ఆఫీసులో ఉన్నవాళ్లకి కూడా ఒక చిన్న దారి ఉంది. ప్రావిడెంట్ ఫండ్‌లోనూ, ఇ.ఎస్.ఐ.లోనూ యజమానీ, పనివాళ్లలో ఎక్కువమందీ ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరే వీలు సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నది. ఒప్పించడం కష్టమే. కాని అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు గదా.

ఇక పదిమంది గడప అక్కర్లేని హక్కులు చెబుతాను. ఇవే మనకి ముఖ్యం.

మొదటిది జీతం. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో ఒక జాబితా ఉండేది. ఆ జాబితాలో పేరున్న పనులకే కనీస వేతనం. 2019 నాటి వేతనాల కోడ్‌లో అలాంటి జాబితా లేదు, ఇంతమంది పనిచేయాలన్న షరతూ లేదు. పరిశ్రమ, వ్యాపారంతోపాటు ‘వృత్తి’ జరిగే చోటు కూడా అందులో సంస్థే. కనక ప్లీడరుగారి గది కూడా ఇందులోకి వస్తుందని గట్టిగా వాదించవచ్చు. నెలజీతం మరుసటి నెల ఏడో తేదీ దాటకుండా ఇవ్వాలి. పని మానేసినా, మాన్పించినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ముట్టజెప్పాలి. ఒకే పనికి మగవాడికి ఒక జీతం, ఆడదానికి ఒక జీతం ఇవ్వకూడదు. జీతం ఎగ్గొడితే మూడేళ్ల లోపల ఫిర్యాదు చేసుకోవచ్చు. అన్నిటికన్న మంచి మాట ఇంకొకటి ఉన్నది. జీతం ఇచ్చానని రుజువు చేసుకోవలసిన బాధ్యత యజమానిదే. ఇవ్వలేదని మీరు రుజువు చెయ్యనక్కర లేదు.

అయితే మీరు అక్కడ పనిచేస్తున్నారన్న ఆధారం మాత్రం మీ దగ్గర ఉండాలి. ‘మన అమ్మాయే గదా, కాగితం ఎందుకు’ అంటారు. జీతం చేతికిస్తారు, రసీదు ఉండదు. రేపు తేడా వస్తే, ‘ఈవిడ అప్పుడప్పుడు వచ్చి టైపు నేర్చుకునేది’ అనేస్తే ఏం చేస్తారు? అందుకని జీతం బ్యాంకి ఖాతాలో వెయ్యమని అడగండి. కోర్టు లోపలికి వెళ్లడానికి గుమాస్తాగా గుర్తింపు కార్డు ఇప్పించమని అడగండి. మీరు చేరిన తేదీ, జీతం, పనివేళలు ఒక చిన్న కాగితంమీద రాయించుకోండి. చట్టం ఆ ఆఫీసుని బలవంతపెట్టకపోయినా, ఇష్టపడి రాసి ఇచ్చిన కాగితానికి విలువ ఉంటుందని ప్లీడరుగారికి మనం చెప్పాలా?

రెండవది మానమర్యాదల సంగతి. ఇది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. చిన్న గది. సాయంత్రం కక్షిదారులు వెళ్లిపోయాక కూడా డిక్టేషను ఉంటుంది. ఆఫీసులో ఇంకో ఆడమనిషి ఉండకపోవచ్చు. అక్కడ వెకిలి మాటలు, అనవసరంగా చెయ్యి తగలడం, రాత్రివేళ ఫోనులో సందేశాలు మొదలైతే ఎక్కడ చెప్పుకోవాలి? పెద్ద సంస్థలో అయితే 2013 నాటి చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. మళ్లీ పదిమంది లెక్కే. పదిమంది లేని చోట్ల సంగతి ఏమిటని ఆ చట్టం ముందే ఆలోచించింది. ప్రతి జిల్లాకీ ఒక స్థానిక కమిటీ ఉండాలన్నది. దాని అధ్యక్షురాలు స్త్రీయే. ఫిర్యాదు సాక్షాత్తు యజమానిమీదనే అయినా అక్కడికే వెళ్లాలి. ‘వృత్తి సంబంధమైన’ చోట్లన్నీ పని ప్రదేశాలేనని ఈ చట్టం స్పష్టంగా చెప్పింది కాబట్టి, ప్లీడరు ఆఫీసు వస్తుందా రాదా అన్న తగువే లేదు. ఇంటి ముందు గదిలో ఆఫీసు పెట్టుకున్నా వర్తిస్తుంది. పనిమీద మీరు వెళ్లిన కోర్టు వరండా కూడా పని ప్రదేశమే.

ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల లోపల ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు ఇవ్వవచ్చు. ఆరు ప్రతులు ఇమ్మని నియమాల్లో ఉంది. రాయడం చేతకాకపోతే రాయడానికి సాయం చేయడం కమిటీ విధి. మండలంలోనూ, మునిసిపాలిటీలోనూ ఫిర్యాదు అందుకోవడానికి ఒక నోడల్ అధికారి ఉండాలి. ఆయన దాన్ని ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి. ఎవరో తెలియకపోతే కలెక్టరు ఆఫీసులో అడగండి. షీ-బాక్స్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా కూడా ఫిర్యాదు పంపవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. మీ పేరు బయట పెట్టకూడదు. రుజువు చాలకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదని కూడా చట్టంలోనే రాసి ఉంది.

‘అవతల ఉన్నది ప్లీడరుగారు, ఆయన వాదనకి నేను నిలబడగలనా’ అని భయపడతారేమో. ఆ కమిటీ ముందు ఎవరి తరఫునా వకీలు హాజరు కాకూడదని నియమం. ఆయన తన స్నేహితులైన నలుగురు ప్లీడర్లని వెంటబెట్టుకు రావడానికి వీల్లేదు. మీ మాట మీరు చెప్పుకోవచ్చు, ఆయన మాట ఆయన చెప్పుకోవాలి. ఇదికాక, పోలీసు ఫిర్యాదు దారి వేరే ఉండనే ఉంది. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ లైంగిక వేధింపుకి సంబంధించినదే.

మూడవది, కేసు నడపవలసి వస్తే సాయం. మన ఊళ్లో ఒక ప్లీడరుమీద కేసు పట్టడానికి ఇంకో ప్లీడరు జంకుతాడు. రోజూ ఒకే బార్ రూములో కూర్చునేవాళ్లు గదా! ఇక్కడ 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఆదుకుంటుంది. ఆ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఆదాయం ఎంత అన్న ప్రశ్న లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ప్యానెల్‌లో ఉన్న న్యాయవాదిని వారే నియమిస్తారు. 15100 నంబరుకి ఫోను చేసినా దారి చెబుతారు.

నాలుగవది ముసలితనానికి, ఆపదకి ఆసరా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లోనే న్యాయవాదుల గుమాస్తాల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. అందులో సభ్యత్వం దానంతట అది రాదు, దరఖాస్తు పెట్టుకోవాలి. గుమాస్తాల సంఘంలో ఉండేది చాలావరకు మగవాళ్లే కాబట్టి ‘మనకెందుకులే’ అని స్త్రీలు ఆ ఛాయలకి పోరు. వెళ్లండి. అడగండి. మీ పని గుమాస్తా పని అయినప్పుడు ఆ నిధిలో చోటు అడగడానికి సంకోచం అక్కర్లేదు. దీనికి తోడు 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో అసంఘటిత కార్మికురాలిగా పేరు నమోదు చేయించుకోవచ్చు. 2019లో ప్రకటించిన శ్రమ యోగి మాన్‌ధన్ పథకం కూడా ఉన్నది. నెలకి 15,000 రూపాయలు మించని ఆదాయం, 18 నుంచి 40 ఏళ్ల లోపు వయస్సు ఉన్నవాళ్లు చేరవచ్చు. వయస్సునిబట్టి నెలకి 55 నుంచి 200 రూపాయల వరకు కడితే అంతే మొత్తం ప్రభుత్వమూ కడుతుంది. అరవై నిండాక నెలకి 3,000 రూపాయలు వస్తుంది.

ఐదవది చాలామంది నోరు విప్పని విషయం, మరుగుదొడ్డి. పొద్దున పది గంటలకి కోర్టుకి వెళ్లి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా ఉండే ఆడవాళ్లు ఉన్నారంటే కారణం ఇదే. 2025 జనవరి 15న సుప్రీంకోర్టు ఈ విషయంమీద తీర్పు ఇచ్చింది. దేశంలో ప్రతి కోర్టు ఆవరణలోనూ స్త్రీలకి, పురుషులకి, వికలాంగులకి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి విడివిడిగా మరుగుదొడ్లు ఉండాలని, అది జీవించే హక్కులో భాగమని చెప్పింది. మీ కోర్టులో లేకపోతే పదిమంది స్త్రీలు సంతకాలు చేసి జిల్లా జడ్జిగారికి ఒక అర్జీ ఇవ్వండి. పదిమంది అంటే ఇక్కడ చట్టం పెట్టిన గడప కాదు, మన బలం.

హక్కులు చెప్పుకున్నాం, ఇక జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలి.

సాక్షి సంతకం విషయంలో మొహమాటపడకండి. ఎవరో వీలునామా రాయించుకోవడానికి వస్తారు. ‘అమ్మా, సాక్షిగా ఇక్కడొక సంతకం పెట్టు’ అంటారు. వీలునామాకి ఇద్దరు సాక్షులు కావాలి. రాసిన మనిషి సంతకం పెడుతూ ఉండగా సాక్షి చూసి ఉండాలి, లేదా అది తన సంతకమేనని ఆ మనిషి స్వయంగా చెప్పి ఉండాలి. ఆ మనిషి పోయాక వారసుల మధ్య తగువు వస్తే, సాక్షుల్లో కనీసం ఒకరిని కోర్టుకి పిలిచి తీరాలి. ఇరవై ఏళ్ల తరవాత, మీరు ఏ ఊళ్లో ఏ కాపురంలో ఉన్నా సమన్లు రావచ్చు. కళ్లారా చూస్తే నిక్షేపంగా పెట్టండి. చూడకపోతే ఎవరు చెప్పినా పెట్టవద్దు.

సెక్షన్ల నంబర్లు చూసి టైపు చెయ్యండి. 2024 జూలై 1నుంచి క్రిమినల్ చట్టాలు మూడూ మారాయి. మోసం కేసుకి అందరి నోటా నలిగిన 420 ఇప్పుడు 318లో నాలుగవ ఉపసెక్షన్. భార్యాబిడ్డల మనోవర్తికి పాత 125 స్థానంలో 144 వచ్చింది. ఒక్క 482 దగ్గర మాత్రం మరీ జాగ్రత్త. పాత ప్రొసీజర్ కోడ్‌లో అది హైకోర్టుకి ఉన్న స్వతస్సిద్ధ అధికారాల సెక్షన్. కొత్త నాగరిక సురక్షా సంహితలో అదే నంబరు ముందస్తు బెయిలుది. పాత ఫైలు తెరిచి పేర్లు మార్చి ప్రింటు తీస్తే ఒకటి అడగబోయి ఇంకొకటి అడిగినట్టు అవుతుంది.

ఈ-ఫైలింగ్ వచ్చాక ఇంకో చిక్కు. ఇ-కోర్టుల పథకం మొదలైంది 2007లో. మూడవ దశకి 2023లో కేంద్రం 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ప్రతి కేసుకీ పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది, దాంతో ఇంట్లో కూర్చునే వాయిదా చూసుకోవచ్చు. గుమాస్తా పని పోతుందేమోనని కొందరి దిగులు. కాగితాలు స్కాను చేయడం, పేజీలు వరసపెట్టడం, అభ్యంతరాలు సరిచేయడం మనుషులు చేయవలసిన పనే. నేర్చుకున్నవాళ్ల విలువ పెరుగుతుంది. ఒక్కటే మాట. ప్లీడరుగారి పాస్‌వర్డు, డిజిటల్ సంతకం మీ చేతిలో పెట్టి ‘నువ్వే దాఖలు చేసెయ్యి’ అంటే, దాఖలు చేసేముందు ఆయనకి కాగితం చూపించి, ‘సరే’ అన్న ఒక్క మాట సందేశంగానైనా పంపించుకుని దాచుకోండి. రేపు తేడా వస్తే ఆ ఒక్క మాటే మిమ్మల్ని కాపాడుతుంది.

ఇంకొకటి. అనుభవం వచ్చింది గదా అని కక్షిదారుకి మీరే సలహా ఇచ్చి డబ్బు తీసుకోవద్దు. కోర్టులో వృత్తిగా వాదించే అర్హత 1961 నాటి న్యాయవాదుల చట్టం ప్రకారం పేరు నమోదైన అడ్వకేట్లకే ఉన్నది. అర్హత లేనివారు ప్రాక్టీసు చేస్తే ఆరు నెలల దాకా జైలు. పారా లీగల్ వాలంటీరు అని 2009నుంచి ఒక సేవ ఉన్నది గదా అంటారేమో. అది మంచి పనే. ఊళ్లో నలుగురికీ చట్టం తెలియజెప్పి న్యాయ సేవాధికార సంస్థకి దారి చూపించే పని. ఆసక్తి ఉంటే తప్పక చేరండి. కాని పనిచేసిన రోజులకి గౌరవ వేతనమే గాని అది నెలజీతపు ఉద్యోగం కాదు. కార్డు ఉన్నంత మాత్రాన వాదించే హక్కూ రాదు. చేతిలో ఉన్న ఉద్యోగం మానేసి దాన్ని నమ్ముకోవద్దు.

ఈ మాటలు చదివేవారిలో ప్లీడర్ల ఇల్లాళ్లు, స్వయంగా ప్లీడర్లైన స్త్రీలు కూడా ఉంటారు. వారికి ఒక మనవి. 1923లో చట్టం వచ్చేదాకా ఆడదానివన్న ఒక్క కారణంతో స్త్రీకి ఈ దేశంలో వకీలు పట్టా నిరాకరించే వీలుండేది. ఆ తలుపు తెరవడానికి ఎందరో పోరాడవలసి వచ్చింది. ఆ తలుపులోంచి లోపలికి వచ్చిన మనం, మన బల్ల పక్కన టైపు చేసే అమ్మాయి ఎలా ఉన్నదో చూడవద్దూ? ఆఫీసు ఇంట్లోనే ఉన్నచోట గుమాస్తా అమ్మాయిని కూరలకి పంపడం, పిల్లల్ని బడినుంచి తెమ్మనడం అలవాటై పోతుంది. ఆమె వచ్చింది దావాలు రాయడానికి. ఆ పనికి ఇంత జీతమని, ఇన్ని గంటలని, నెలకి ఇన్ని సెలవులని ఒక కాగితం రాసి ఇవ్వండి. ఆఫీసులో ఒక గుమాస్తా ఉన్నా ఇరవైమంది ఉన్నా ఆ కాగితం ఇవ్వడాన్ని ఏ చట్టమూ అడ్డుకోదు.

ఆ పనిలో ఉన్న అమ్మాయిలకి చివరగా చెప్పేది ఇంతే. ఇవాళే ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీరు చేరిన తేదీ, ఏ నెల ఎంత జీతం ఏ తేదీన ఇచ్చారు, కక్షిదారులనుంచి ఎంత అందుకున్నారు, కోర్టు ఖర్చులకి ఎంత ఖర్చు పెట్టారు, రోజూ నాలుగు లైన్లు రాసుకోండి. పుస్తకం ఆఫీసులో కాదు, ఇంట్లో పెట్టుకోండి. కక్షిదారుల రహస్యాలు మాత్రం అందులో రాయవద్దు. మిగతావి రాయండి. తేదీలు రాయడంలో మిమ్మల్ని మించినవాళ్లు లేరు. ఇన్నాళ్లూ ఇతరుల తేదీలు రాశారు. మీ తేదీలు కూడా రాసుకోండి.